పన్నెండు అంగుళాల కత్తితో అనంతగిరికా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాను, ఐటీ ఉద్యోగం. వానలు తగ్గాక ఆఫీసు స్నేహితులం నలుగురం వికారాబాద్ దగ్గర అనంతగిరిలో రెండు రాత్రులు టెంట్ వేసుకుని ఉండాలనుకుంటున్నాం. అది బాగా జరిగితే చలికాలంలో నల్లమల వైపు వెళ్లాలని ఉంది. ఆన్‌లైన్‌లో పన్నెండు అంగుళాల సర్వైవల్ కత్తి ఒకటి చూశాను. 2,800 రూపాయలు. వెనకవైపు రంపం పళ్లు, పిడి మూతలో దిక్సూచి, లోపల అగ్గిపుల్లలు, గాలం అన్నీ ఉన్నాయి. దారి తప్పితే కాపాడేది కత్తే అని వీడియోల్లో చెబుతున్నారు. నాన్నేమో ‘ఊళ్లో తాత కొడవలి ఉండగా డబ్బులు దండగ’ అంటున్నారు. అమ్మకు కత్తి అనగానే టెన్షన్. ఏది కొనాలో చెప్పండి.
– ఓ పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: ఆ కత్తి కొనకండి. తాత కొడవలిని ఊళ్లోనే ఉండనివ్వండి. నాలుగు అంగుళాలకు మించని బ్లేడున్న సాదా కత్తి ఒకటి, దాన్ని నూరుకోవడానికి చిన్న సానరాయి ఒకటి తీసుకోండి. నల్లమలకు వెళ్లే రోజున ఆ చిన్న కత్తిని కూడా ఇంట్లోనే పెట్టి వెళ్లండి.

ముందు ఒక పని చేయండి. ఆ రెండు రాత్రుల్లో కత్తితో ఏమేం చేస్తారో కాగితం మీద రాసుకోండి. టెంట్ తాడు కోయడం, ఉల్లిపాయలు, టమాటాలు తరగడం, మసాలా ప్యాకెట్లు చించడం, చికెన్ ముక్కలు ఇంకాస్త చిన్నవి చేయడం, మేకు పోతే దాని బదులు ఒక పుల్లను మొన తేలేలా చెక్కడం. మహా అయితే మంట రాజేయడానికి ఎండు కర్ర నుంచి సన్నటి పొట్టు తీయడం. ఇందులో ఏ పనికి పన్నెండు అంగుళాల ఉక్కు కావాలి? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం మాట అటుంచండి, అసలు ఆ బ్రహ్మాస్త్రంతో ఒక ఉల్లిపాయ కోసి చూడండి. అయిదు మిల్లీమీటర్ల మందమున్న బ్లేడు ఉల్లిపాయను కోయదు, పగలగొడుతుంది.

పెద్ద కత్తిని దుంగ మీద నిలబెట్టి, దాని వీపు మీద కర్రతో బాదుతూ నిలువునా చీల్చడం మీరు చూసే ఉంటారు. బేటనింగ్ అంటారు దాన్ని. ఆ వీడియోలు చాలావరకు చలి దేశాల అడవుల్లో తీసినవి. అక్కడి పైన్, బర్చ్ దుంగలు నిలువునా తేలిగ్గా చీలతాయి. మంచులో తడిసిన మనిషికి మంట లేకపోతే నిజంగానే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, దుంగ చీల్చడం వాళ్లకు అవసరం. మన దగ్గర ఎండిన తుమ్మ మొద్దు మీద ఆ ప్రయోగం చేస్తే, ముడి తగిలిన చోట గొడ్డలే ఎగిరిపడుతుంది, ఇక కత్తి అంచు పెచ్చు లేవదా! పైగా రిజర్వ్ ఫారెస్ట్‌లో చెట్టు కొట్టడం, నిప్పు పెట్టడం రెండూ నేరాలే. అనంతగిరిలో అడవి మధ్యలో మీ ఇష్టమొచ్చిన చోట టెంట్ వేయడానికి లేదు. చుట్టుపక్కల ఉన్న క్యాంప్ స్థలాల్లోనే వేసుకుంటారు. మంట కావాలంటే కట్టెలు అక్కడి వాళ్లనే అడిగి, వాళ్లు చూపించిన చోటే వేసుకోండి. వంటకు చిన్న గ్యాస్ స్టవ్ పట్టుకెళ్లండి. నరికే పనే లేదు మీకు.

మీరు చూసిన కత్తిలో ఇంకో తిరకాసు ఉంది. పిడిలో అగ్గిపుల్లలు, గాలం పట్టాలంటే పిడి బోలుగా ఉండాలి. మంచి కత్తిలో బ్లేడు ఉక్కు పిడి లోపలికి కూడా బాగా పొడవుగా దిగి ఉంటుంది. బోలు పిడి కత్తుల్లో, ముఖ్యంగా చవకరకాల్లో, బ్లేడు పిడి మొదట్లోనే ఆగిపోతుంది. అక్కడ ఒక నట్టో, చిన్న వెల్డింగో పెట్టి సరిపెడతారు. గట్టిగా బలం పడ్డప్పుడు విరిగేది సరిగ్గా అక్కడే. వెనకవైపు రంపం పళ్లు ఫొటోలో బాగుంటాయి గానీ అవి కర్రను కోయవు, గీకుతాయి. మంట రాజేసే ఫెర్రో కడ్డీ మీద నిప్పురవ్వలు రావాలంటే కత్తి వీపు చదునుగా, మూల పదునుగా ఉండాలి. ఆ పళ్లు దాన్ని కూడా చెడగొడతాయి. ఇక ఆ మూతలోని దిక్సూచి ఎటు తిప్పితే అటు చూపించినా నేను ఆశ్చర్యపోను.

ఆన్‌లైన్‌లో కొలతలు చదివేటప్పుడు జాగ్రత్త. ‘12 అంగుళాలు’ అని పెద్ద అక్షరాల్లో వేసేది చాలాసార్లు పిడితో కలిపిన పొడవు. బ్లేడు పొడవు కింద ఎక్కడో విడిగా ఉంటుంది. ఈ తేడా చట్టం దగ్గర కూడా పనికొస్తుంది. ఆయుధాల నిబంధనలు-2016 ప్రకారం బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో ఆ జాబితాలోని వాటికి లైసెన్సు కావాలి. వంటింటి కత్తికీ తాత కొడవలికీ ఆ మినహాయింపు వర్తిస్తుంది. ‘టాక్టికల్’, ‘కమాండో’ అని ముద్ర వేసి అమ్మే దాన్ని ‘సార్, ఇది ఉల్లిపాయలకి’ అని చెక్‌పోస్టు దగ్గర ఎలా ఒప్పిస్తారు? బటన్ నొక్కితే ఠక్కున తెరుచుకునే చాకుల జోలికి కూడా పోకండి.

కొడవలి విషయంలో మీ నాన్నగారి మాటను తేలిగ్గా తీసుకోకండి. కమ్మరి కొలిమిలో లారీ కమాన్ పట్టీ నుంచి సాగగొట్టి చేసిన పనిముట్టు అయితే, అది మీరు ఆన్‌లైన్‌లో చూసినదానికన్నా ఎన్నో రెట్లు నమ్మకమైన ఉక్కు. బండి బరువు మోస్తూ వేలసార్లు వంగి లేచేందుకు చేసిన ఉక్కు అది, అంత సులభంగా విరగదు. కాకపోతే కొడవలి వంపు పైరు కోయడానికి, గడ్డి కోయడానికి, కంప లాగి నరకడానికి పుట్టింది. వంకర బ్లేడుతో కూర తరగలేరు. దానికి ఒర ఉండదు, బ్యాగులో పెడితే బ్యాగే తెగుతుంది. చేతి వాటం తెలిసిన మీ తాతగారు పొలంలో దాన్ని ఆడించడం వేరు, కీబోర్డు అలవాటైన చెయ్యి చీకట్లో ఆడించడం వేరు. వేటు తప్పిన కొడవలి నేరుగా మోకాలి కింద ఎముక మీదికి వస్తుంది. అడవి దారిలో కొడవలితో కనిపించిన నలుగురు కుర్రాళ్లను ఫారెస్ట్ గార్డు ఏమనుకుంటాడో కూడా ఆలోచించండి.

ఇప్పుడు కొనాల్సిన కత్తి. బ్లేడు మూడున్నర, నాలుగు అంగుళాలు. మందం రెండు, రెండున్నర మిల్లీమీటర్లు, మూడుకు మించకూడదు. వీపు సాదాగా ఉండాలి. పిడి చేతికి నిండుగా, తడిచేత్తో పట్టుకున్నా జారకుండా ఉండాలి. మడతపెట్టని కత్తి అయితే శుభ్రం చేయడం తేలిక, కీలు దగ్గర మట్టి, మసాలా ఇరుక్కోవు, పొరపాటున వేళ్ల మీద మూసుకోదు. స్వీడన్‌లోని మోరా ఊళ్లో తయారయ్యే కంపానియన్ రకం ఈ కొలతలకు దాదాపుగా సరిపోతుంది. దాని ఉక్కు పిడి చివరిదాకా ఉండదు కాబట్టి వీడియోల పండితులు పెదవి విరుస్తారు. మీరు దాన్ని సుత్తితో బాదబోవడం లేదు కదా, ఆ గొడవ మీకక్కర్లేదు.

మడత కత్తే కావాలంటే ఫ్రాన్స్ నుంచి వచ్చే ఓపినెల్ 8వ నంబరు ఉంది. బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, కాగితమంత పల్చటి అంచు, తెరిచాక తిప్పి బిగించే ఉంగరం లాంటి లాక్. టమాటా కోయడంలో దాన్ని మించింది తక్కువ. చెక్క పిడి కాబట్టి వానలో ఉబ్బి, తెరవడానికి మొరాయిస్తుంది. వానాకాలం అయ్యాక వెళ్తున్నారు కాబట్టి మీకు పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ చాకుల్లో చిన్న రంపం ఉన్న రకం తీసుకుంటే, బొటనవేలంత లావు కర్రను అది నిజంగానే కోస్తుంది. ఒక్క హెచ్చరిక: వాటిలో చిన్న సైజు చాకులకు లాక్ ఉండదు. మొనతో గుచ్చే పని పెట్టుకుంటే వేళ్ల మీదికి మడుచుకుంటుంది.

ఇవేవీ వద్దు, డబ్బు మిగలాలి అంటారా? పళ్లు కోసే చిన్న వంటింటి కత్తిని మంచి కంపెనీది కొన్ని వందల రూపాయలకు కొనండి. మందపాటి అట్టను రెండుగా మడిచి, అంచుల వెంట టేపు చుడితే ఒర తయారు. పైన రాసిన పనులన్నీ అది చేసేస్తుంది. నిజం చెప్పాలంటే మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను దీన్నే ముందు చెబుతాను. కత్తి కంపెనీల మాట కాదు గానీ, మీ జేబు మాట వినాలి కదా.

ఉక్కులో కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెస్సా అని రెండు దారులుంటాయి. కార్బన్ స్టీలు తొందరగా పదునెక్కుతుంది. నిమ్మకాయ, చింతపండు తగిలితే నల్లబడుతుంది, తడిగా ఒరలో పెడితే తెల్లారేసరికి తుప్పు. చింతపులుసు లేకుండా పూట గడవని మనవాళ్లకు స్టెయిన్‌లెస్సే హాయి. స్వీడన్ కత్తుల మీద కనిపించే 12సి27 అనే రకం స్టెయిన్‌లెస్ అయినా ఇంట్లో రాయి మీద సులువుగా నూరుకోవచ్చు. గట్టిదనాన్ని రాక్‌వెల్ అంకెల్లో రాస్తారు. 56 నుంచి 59 మధ్య ఉంటే చాలు. అంతకు మించి గట్టిగా ఉన్నది పదును ఎక్కువ కాలం నిలుపుకుంటుంది గానీ, అడ్డదిడ్డంగా వాడితే పెచ్చులూడుతుంది, నూరడానికి సహనం పరీక్షిస్తుంది. ‘స్టెయిన్‌లెస్ స్టీల్’ అని మాత్రమే రాసి ఏ రకమో చెప్పనిదాన్ని వదిలేయండి.

అలల డిజైనుతో మెరిసే ‘డమాస్కస్’ కత్తులు కూడా మీకు కనిపిస్తాయి. ఒకప్పుడు నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కును కొనడానికి పర్షియా వ్యాపారులు వచ్చేవారు. పేరుమోసిన డమాస్కస్ కత్తులకు వాడిన ఉక్కులో మన దక్కను ఉక్కు కూడా ఉంది. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవి వేరు. రెండు రకాల ఉక్కులను పొరలుగా కలిపి యాసిడ్‌తో గీతలు తేల్చినవి కొన్ని. పైపైన ముద్రించిన గీతలు మరికొన్ని. మీ బడ్జెట్‌లో దొరికే డమాస్కస్‌కు మీరు చెల్లించేది ముగ్గు ఖర్చు.

రాయి కొనమన్నాను. చాలామంది ఖరీదైన కత్తి కొని, మొద్దుబారగానే పక్కన పడేస్తారు. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో ఒకవైపు గరుకు, ఇంకోవైపు నునుపు ఉన్న సానరాయి అడగండి. నీళ్లతో తడిపి, కత్తిని రాయి మీద దాదాపు ఇరవై డిగ్రీల వాలులో పెట్టి, రాయి నుంచి సన్నటి పొర చెక్కుతున్నట్టు ముందుకు తోయండి. ఒకవైపు కాసేపు, రెండోవైపు అంతే సేపు. కోణం మారకుండా చూసుకోవడమే ఇందులో విద్య అంతా. మోరా కత్తికి అంచు పక్కన వెడల్పుగా ఒక వాలు చెక్కి ఉంటుంది, దాన్ని రాయికి ఆనిస్తే కోణం అదే కుదురుతుంది. క్యాంపులో రాయి లేకపోతే పింగాణీ కప్పు అడుగున నునుపు పూత లేని అంచు ఉంటుంది చూడండి, దాని మీద నాలుగైదు సార్లు గీసినా తాత్కాలికంగా పదును తిరిగొస్తుంది. సైకిల్ మీద చక్రం పెట్టుకుని వీధిలో సాన పట్టేవాళ్లకు మాత్రం ఈ కత్తి ఇవ్వకండి. వాళ్ల పనితనం తక్కువని కాదు, నీళ్లు లేకుండా వేగంగా తిరిగే చక్రానికి పల్చటి అంచు వేడెక్కిపోతుంది. అంచు నీలంగా తిరిగిందంటే ఆ మేర గట్టిదనం పోయినట్టే.

కట్టెలు కోయాల్సిన పని ఉంటుందనే అనిపిస్తే మొక్కల సామాన్లు అమ్మే చోట మడత రంపం తీసుకోండి. ఏడెనిమిది అంగుళాల బ్లేడు చాలు. లాగినప్పుడు కోసే రకమైతే సన్నటి బ్లేడైనా వంగదు. మణికట్టంత లావు ఎండు కొమ్మను అది తక్కువ శ్రమతో కోసేస్తుంది. గొడ్డలిలా ఎగిరి కాలి మీద పడే ప్రమాదం లేదు. ఇది కూడా క్యాంప్ స్థలంలో కొన్న కట్టెలకే, అడవిలో కొమ్మలకు కాదు.

నల్లమల సంగతికి వద్దాం. మీరు ఎక్కువ జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మీరు చూసే అడవి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ రోడ్డు మీద బండ్లనే వదలరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లకూడదు. ‘ఆయుధం’ అంటే తుపాకీయే అనుకునేరు. ఆ చట్టం ఇచ్చిన జాబితాలో కత్తులు ఉన్నాయి, వలలు, ఉచ్చులు, కొక్కేలు కూడా ఉన్నాయి. అంటే మీ సర్వైవల్ కత్తి పిడిలోని గాలం కూడా తంటాయే! జాతీయ పార్కులకూ ఇదే వర్తిస్తుంది. ఆ లెక్కన జూబ్లీహిల్స్ పక్కనున్న కేబీఆర్ పార్కులో వాకింగ్ చేస్తూ ఆపిల్ కోసుకుందామని కత్తి జేబులో వేసుకోవడం కూడా సరికాదు. అదీ జాతీయ పార్కే. నల్లమలలో సొంతంగా టెంట్ వేసే ఆలోచన మానుకుని, అటవీ శాఖ నడిపే సఫారీ, బస చూసుకోండి. అక్కడ మీకు కత్తితో పనే ఉండదు. అక్కడి చెంచుల భుజాన గొడ్డలి కనిపిస్తే, అది వాళ్ల బతుకు, వాళ్ల అడవి. వాళ్లను చూసి మనం పోల్చుకోకూడదు.

దారి తప్పితే కత్తి కాపాడుతుందన్న మాట దగ్గర నేను వీడియోలతో పూర్తిగా విభేదిస్తాను. మన గుట్టల్లో దారి తప్పినవాళ్లను ముందు కష్టపెట్టేది ఎండ, దాహం, ఆ తర్వాత చీకట్లో రాళ్ల మీద జారి పడటం. వీటిలో దేన్నీ కత్తితో కోయలేరు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన నీళ్లు, తలకు కట్టుకునే టార్చి, పవర్ బ్యాంకు, ఫోన్‌లో ఇంటర్నెట్ లేకున్నా పనిచేసే మ్యాపు, మెడలో విజిల్ ఉండాలి. మూడు సార్లు ఊది, ఆగి, మళ్లీ మూడు సార్లు ఊదితే అది ఆపద సంకేతం. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వండి. తప్పిపోయామని అర్థమైన క్షణం అక్కడే కూర్చుని 112కు ఫోన్ చేయండి. ఎలుగుబంటి ఎదురైతే కత్తి దూసే సాహసం చేయకండి, నెమ్మదిగా వెనక్కి తగ్గండి.

ఇంకొకటి. పాము కరిస్తే కాటు దగ్గర కత్తితో గాటు పెట్టి రక్తం తీయాలన్న పాత నమ్మకం ఇంకా పోలేదు. ఎవరు చెప్పినా అలా చేయకండి. గాటు వల్ల విషం బయటికి రాదు. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, అలాంటప్పుడు ఆ గాటే ప్రమాదం. నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కు ఫోన్ చేసి, విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి.

అమ్మగారి టెన్షన్‌కు అర్థముంది. కత్తి వాడేటప్పుడు మీ చెయ్యి చాపినంత దూరంలో ఎవరూ లేకుండా చూసుకోండి. కూర్చుని చెక్కేటప్పుడు రెండు తొడల మధ్య ఎప్పుడూ చెక్కకండి, తొడ లోపలి పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, పని మోకాళ్లకు అవతల జరగాలి. కత్తి ఒకరి చేతి నుంచి ఇంకొకరికి ఇవ్వడం కన్నా కింద పెట్టి తీసుకోమనడం మేలు. మందు తాగే సమయానికి అది ఒరలో, బ్యాగు అడుగున ఉండాలి. ప్రయాణంలో కూడా అక్కడే ఉండాలి. మెట్రో ఎక్కితే స్కానర్ దగ్గర ఆపే అవకాశం ఉంది కాబట్టి ఇంటి నుంచే కారులోనో బస్సులోనో బయల్దేరండి.

కత్తి ఇంటికి రాగానే అమ్మగారికే ఇచ్చి వారం రోజులు కూరలు తరగమనండి. టమాటా నలగకుండా తెగుతోందా, కొబ్బరి తాడు రెండు మూడు గీతలకు తెగుతోందా, పిడి పట్టుకుంటే అరచెయ్యి నొప్పి పెడుతోందా, అన్నీ ఆవిడే చెప్పేస్తారు. నచ్చకపోతే కంపెనీ వాపసు తీసుకునే గడువు దాటకముందే తిప్పి పంపేయండి.